రెండో భాగం ఎందుకు వద్దంటారు?

మన సంఘం పిల్లల బీరువాకు ఈ యేడు కొనదలచిన పుస్తకాల జాబితాలోంచి ఒక పుస్తకాన్ని కొట్టివేశారు. పేరు 'జూలీ'. రచయిత్రి అమెరికా దేశస్థురాలు జీన్ క్రెయిగ్‌హెడ్ జార్జ్. అచ్చయింది 1994లో. దీనికి ముందు కథ 'జూలీ ఆఫ్ ది వుల్వ్స్' 1972 నాటిది. అది మాత్రం ఏ అభ్యంతరమూ లేకుండా నిలిచింది. మొదటిదానికి 1973లో న్యూబెరీ పతకం వచ్చింది గనక అది మంచి పుస్తకమట. రెండోదానికి రాలేదు గనక డబ్బు దండగట. ఇది కాగితం మీద రాసిన కారణం. అసలు కారణాలు తరవాత టీ తాగేటప్పుడు బయటపడ్డాయి. "అమ్మాయి తండ్రికి ఎదురు తిరిగే పుస్తకం మనకెందుకండీ?" అన్నారు ఒకరు. "ఎడారిలో కూచుని మనకీ తోడేళ్ళ గొడవ ఏమిటండీ?" అన్నారు మరొకరు. "తోడేలు మంచిదని నేర్పితే రేపు పిల్లలు సెలవుల్లో పల్లెకు వెళ్ళి కుక్కల నోట్లో చెయ్యి పెడతారు" అని ఇంకో పెద్దమనిషి.

ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా వూరుకుంటే బీరువా తాళంచెవి మా దగ్గర వుండి ప్రయోజనం లేదు. పుస్తకం ఖరీదు పెద్దది కాదు. మొన్నటి ఉగాది భోజనాల్లో మిగిలిపోయిన గారెల ఖరీదు కూడా చెయ్యదు. మా పట్టుదల వేరే విషయం గురించి. పిల్లలకు కథలోని తియ్యని సగం మాత్రమే ఇచ్చి చేదు సగాన్ని దాచిపెట్టే అలవాటు మన ఇళ్ళలో బలపడుతున్నది. ఈ పుస్తకం దానికి చక్కని ఉదాహరణ.

ముందు కథ ఏమిటో చూద్దాం. కొట్టివేసినవారిలో దాన్ని చదివినవారు మాకు కనబడలేదు.

జార్జ్ 1970లో తన కొడుకుతో అలాస్కా ఉత్తరపు కొసన వున్న బారో పట్టణానికి వెళ్ళింది. అక్కడి పరిశోధనశాలలో తోడేళ్ళ మీద పనిచేస్తున్న శాస్త్రజ్ఞులను చూసింది. తోడేళ్ళు చెవులతో, తోకతో, నోటితో ఒకదానికొకటి ఏం చెప్పుకుంటాయో అక్కడ నేర్చుకుంది. అందులోంచే మొదటి నవల పుట్టింది. పదమూడేళ్ళ పిల్ల, మన చిన్నప్పటి పాఠాల్లో ఎస్కిమోలన్న జాతిలో పుట్టింది. ఆ జాతి తనను తాను ఇన్యుపియాట్ అని పిలుచుకుంటుంది. ఇంట్లో మియాక్స్, బడిలో జూలీ. రెండు పేర్లు, రెండు భాషలు. (ఇంట్లో 'బుజ్జి', స్కూలు బస్సులో ఇంకేదో అయిన మన పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.) తండ్రి కనబడకుండా పోయాడు. చిన్నతనంలోనే కుదిర్చిన పెళ్ళి బలాత్కారం దాకా వచ్చేసరికి ఇల్లు విడిచి పారిపోయింది. చెట్టూ చేమా లేని మంచు బయలులో దారి తప్పింది. తోడేళ్ళ గుంపును రోజుల తరబడి గమనించి, వాటి సైగలు నేర్చుకుని, వాటి వేటలో పాలు సంపాదించుకుని బతికింది. గుంపు పెద్ద పేరు అమరోక్. ఒకనాడు విమానంలోంచి వచ్చిన తూటాలకు అమరోక్ చచ్చిపోతుంది. నవల చివర తండ్రి బతికే వున్నాడని తెలుస్తుంది. వెతుక్కుంటూ వెళుతుంది. ఆ ఇంట్లో ఆమెకు కనబడిన వస్తువులు ఒక నిజం చెపుతాయి: విమానాల్లోంచి వేటాడేవారిలో తన తండ్రి కూడా వున్నాడు.

అక్కడ మొదటి భాగం ఆగిపోతుంది. మనవాళ్ళు పుస్తకం మూసెయ్యమంటున్నది కూడా అక్కడే.

రెండో భాగం ఆ ఇంటి గుమ్మంలో మొదలవుతుంది. తండ్రి కపుగెన్ దుర్మార్గుడు కాడు. కుక్కల బండి మానేసి మంచు మీద నడిచే మోటారు బండి కొన్నాడు. మిన్నెసోటా నుంచి వచ్చిన తెల్ల పిల్లను పెళ్ళాడాడు. ఊరి బతుకు కోసం కస్తూరి ఎద్దుల మందను పెంచుతున్నాడు. వాటి వొంటి లోపలి మెత్తని ఉన్ని దువ్వి, అల్లి, అమ్ముకోగా వచ్చే డబ్బుతో ఆ ఊరి పొయ్యి వెలుగుతుంది. ఆ మంద జోలికి తోడేలు వస్తే కాల్చి తీరాలి. ఏ తోడేళ్ళు కూతురి ప్రాణం నిలబెట్టాయో ఆ తోడేళ్ళే తండ్రి మందకు ప్రమాదం. ఎవరిది తప్పు? జూలీ తండ్రి మీద కత్తి దూయదు, అలాగని తల వంచుకుని వూరుకోదు కూడా. తోడేళ్ళను మందకు దూరంగా, వేరే వేట దొరికే చోటికి మళ్ళించడానికి తానే మళ్ళీ మంచులోకి బయలుదేరుతుంది. ఆ తరవాత ఏమవుతుందో చెప్పి పిల్లల పొట్ట కొట్టం.

ఈ పుస్తకాలు తప్పు లేనివని మేము అనడం లేదు. ఇన్యుపియాట్ ఆచారాలను ఈమె అక్కడక్కడా తప్పుగా రాసిందని ఆ జాతివారే ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. ఆంధ్రుల ఇంటి పెళ్ళి గురించి ఒక విదేశీ నవల రాస్తే మనం ఎన్ని తప్పులు పట్టమూ! మొదటి భాగంలోని పెళ్ళికొడుకు సన్నివేశం గురించి అమెరికాలో కొన్ని బడులలో తల్లిదండ్రులు గొడవ చేసి, పుస్తకం తీసివెయ్యమని కూడా అడిగారు. విచిత్రం చూడండి. అభ్యంతరం చెప్పదగిన సన్నివేశమున్న పుస్తకం మన జాబితాలో భద్రంగా వుంది. తండ్రీ కూతుళ్ళు ఒకే బల్ల ముందు కూచుని తమ తగాదాను తేల్చుకోవడానికి తంటాలుపడే పుస్తకం పోయింది.

తండ్రికి ఎదురు చెప్పడం మన సంప్రదాయం కాదన్నారు గనక సంప్రదాయం సంగతే చూద్దాం. ఋగ్వేదం మొదటి మండలంలో అశ్వినీ దేవతల స్తోత్రాలున్నాయి. వాటిలో ఋజ్రాశ్వుడనే కుర్రవాడి ముచ్చట వస్తుంది. ఇతడు ఒక ఆడ తోడేలుకు నూరు గొర్రెలను ఆహారంగా ఇచ్చేశాడు. ఒక సూక్తంలో నూరు, మరో సూక్తంలో నూటొకటి. తండ్రికి కోపం వచ్చి కొడుకు కళ్ళు పోగొట్టాడు. అప్పుడు ఆ కుర్రవాడి తరఫున అశ్వినులకు మొర పెట్టుకున్నది ఎవరు? ఆ ఆడ తోడేలే. దేవతలు వచ్చి చూపు తిరిగి ఇచ్చారు. దేవతలు తండ్రి పక్షాన తీర్పు చెప్పలేదు, కొడుకు కళ్ళు బాగు చేసి వెళ్ళారు. మంద తండ్రిది, దయ కొడుకుది, ఆకలి తోడేలుది. మూడు వేల ఏళ్ళ క్రితమే మనవాళ్ళు ఈ తగాదాను పాడుకున్నారు. అలాస్కా పిల్ల తగాదా మాత్రం సంప్రదాయ విరుద్ధమట! వేదం పేరు చెప్పి గుండెలు బాదుకునేవారు ఆ వేదాన్ని ఒక్కసారి తెరిచి చూస్తే బాగుంటుంది.

ఇక తోడేళ్ళు మనకెందుకన్న ప్రశ్న. భీముణ్ణి వృకోదరుడని పద్యాలలో వెయ్యిసార్లు విన్నాం. వృకం అంటే తోడేలు. ఇంత ఎరుగుదుము గానీ, మన పిల్లల కథల్లో తోడేలుకు ఎంత చోటు ఇచ్చాం? పంచతంత్రం దగ్గరికి పోతే జిత్తులన్నీ నక్కవి. "నాన్నా పులి" కథ ఏ తెలుగు పిల్లవాడికి తెలియదు? ఈసప్ పేరుతో వచ్చిన మూలంలో అది పులి కాదు, తోడేలు. మన వాచకాలకు వచ్చేసరికి అది పులి అయి కూచుంది. అబద్ధం చెప్పే కుర్రవాడి కోసం అడవిలోంచి పులిని తెచ్చాం. గొర్రెల మంద పక్కన నిజంగా తిరిగే జంతువును మరిచాం. తోడేలుకు మిగిలింది ఒక్క పాఠం. ఏటి ఎగువన నిలబడి, దిగువన నీళ్ళు తాగుతున్న గొర్రెపిల్లతో నీళ్ళు మురికి చేస్తున్నావని తగువు పెట్టుకునే పాఠం. ఎన్ని తరాలు ఆ ఒక్క పాఠంతో గడుపుతాం?

మన నేల మీద తోడేళ్ళు లేవా? కర్నూలు ప్రాంతంలో రోళ్ళపాడు వుంది. 2022లో జిల్లాలు విభజించాక అది నంద్యాల జిల్లా. బట్టమేక పిట్టను కాపాడాలని 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి నేల, అంతే. పెద్ద పెద్ద చెట్లుండవు. చూడబోయినవాళ్ళు "ఇదేం అడవండీ" అని వెనక్కి వస్తారు. కృష్ణజింకలు పెరిగాయి, పక్క పొలాల్లో పడి మేశాయి, రైతులు గోలపెట్టారు. జింకల వెనకాల తోడేళ్ళు. బట్టమేక పిట్ట మాత్రం దాదాపు కనుమరుగైంది. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ మెట్టల్లో గొర్రెలు కాసే కురుబ, గొల్ల, కురుమ కుటుంబాలకు తోడేలు సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసింది కాదు. రాత్రి మందను పొలంలో ఆపి, చుట్టూ కుక్కలను పెట్టుకుని, గొంగడి కప్పుకుని కూచున్నవాడికి ఒక గొర్రెపిల్ల పోతే అది ఒక నెల ఉప్పూ పప్పూ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తోడేలును మొదటి షెడ్యూలులో పెట్టింది. పులి పక్కన పీట వేసింది. దేశం మొత్తం మీద మిగిలినవి రెండు మూడు వేలని అంచనా. పులికి కోట్లు ఖర్చుపెట్టే ప్రభుత్వాలు తోడేలు ముఖం చూడవు. తోడేలుండే మెట్ట భూమిని బంజరు అని రాసుకుని, దాని మీద ఏదైనా కట్టుకోవచ్చునని రికార్డుల్లో పెట్టుకున్నాయి. కపుగెన్ కథ మనకు కానిదెట్లా అవుతుంది? పేర్లు మార్చి మంచు తీసేస్తే అది పత్తికొండ కథ.

ఈ ఎడారి మాటకూ వద్దాం. మనం అన్నం తింటున్న ఈ నేలకు తోడేలు పరాయిది కాదు. అరబ్బీలో దాన్ని ధిబ్ అంటారు. ధియాబ్ అంటే తోడేళ్ళు. 1761లో జింక అడుగుజాడల వెంట వెళ్ళి ఒక దీవి మీద మంచినీళ్ళు కనుగొన్న వేటగాళ్ళను పంపినవాడు బనీయాస్ నాయకుడు షేక్ ధియాబ్ బిన్ ఈసా అని ఈ దేశపు పెద్దలు చెప్పుకుంటారు. ఆ దీవి పేరు అబూధాబీ, అంటే జింక తండ్రి. ఊరికి జింక పేరు, నాయకుడికి తోడేళ్ళ పేరు! తన కొడుకుకు తోడేళ్ళ పేరు పెట్టుకునే జాతి దానిని ఒట్టి దొంగగా చూసిందని ఎలా అనుకుంటాం? అదే జాతి మందలను కాపాడుకోవడానికి తోడేళ్ళను చంపింది కూడా. అరేబియాలో పలుచోట్ల చంపిన తోడేలును నలుగురికీ కనబడేట్టు చెట్టుకు వేలాడదీసే వాడుక వుండేది. గౌరవం, పగ రెండూ ఒకే చేతిలో. ఇక్కడి బడిలో మన పిల్లలతో కలిసి చదివే పిల్లలకు యూసుఫ్ ప్రవక్త కథ తెలుసు. అన్నలే తమ్ముణ్ణి బావిలో వేసి, తోడేలు తినేసిందని తండ్రికి చెప్పుకున్న కథ అది. చెయ్యని నేరం తోడేలు మీద పడింది.

ఈ దేశపు కొండల్లో తోడేలు ఇరవయ్యో శతాబ్దం దాటకుండానే మాయమైపోయింది. షార్జా నుంచి ధైద్ వెళ్ళే రోడ్డు మీద అరేబియా వన్యప్రాణి కేంద్రంలో ఇప్పుడు అద్దం వెనక చూసుకోవాలి. చిన్న జంతువు. అలాస్కా తోడేలులో సగం బరువు తూగదు. మన దక్కను తోడేలుకు దగ్గర చుట్టం. శని ఆదివారాల్లో దుబాయి మాల్‌లో చేపల తొట్టి ముందు ఫోటోలు దిగే కుటుంబాలు ఆ దారిన ఒక్కసారి పోతే, ఎడారిలో తోడేళ్ళ గొడవ ఏమిటో ఆ అద్దం దగ్గరే తెలుస్తుంది.

మూడో పెద్దమనిషి భయం మాత్రం తేలికగా తీసిపారెయ్యదగింది కాదు. 2024లో ఉత్తరప్రదేశ్ బహరాయిచ్ జిల్లాలో తోడేళ్ళు వూళ్ళ మీద పడి పసిపిల్లలను ఎత్తుకుపోయాయి. పలువురు చనిపోయారు. తలుపుల్లేని ఇళ్ళలో నిద్రపోతున్న పిల్లలు. తోడేలు సాధుజంతువని పిల్లలకు చెప్పడం అబద్ధం. ఆ తల్లుల ముందు చెప్పడం పాపం. అందుకే మేమంటున్నాం, ప్రమాదమంటూ వుంటే అది మొదటి భాగంతోనే. అందులో తోడేలు తండ్రి వంటిది, గురువు వంటిది, అన్నం పెట్టేది. ఒక్క మొదటి భాగం చదివి లేచిన పిల్లవాడు, కుక్క నోట్లో చెయ్యి పెట్టినా పెడతాడు. రెండో భాగంలో తోడేలుకు ఆకలుంది, మందకు విలువుంది, తుపాకి పట్టినవాడికి ఇల్లుంది. విరుగుడు దాచిపెట్టి మందు మాత్రం పొయ్యడం ఏ వైద్యం?

ఈ తీపి సగం జబ్బు కొత్తది కాదు. రడ్‌యార్డ్ కిప్లింగ్ సంగతి చూడండి. 'జంగిల్ బుక్' 1894లో వచ్చింది, రెండో 'జంగిల్ బుక్' 1895లో. తోడేళ్ళు పెంచిన మౌగ్లీని దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న చూసిన తరం మనది. ఇప్పటి పిల్లలు 1967 నాటి డిస్నీ సినిమా చూస్తారు. అందులో తోడేళ్ళు మొదట్లో కనబడి తప్పుకుంటాయి. ఎలుగుబంటి పాటలు పాడుతుంది. మౌగ్లీ నీళ్ళకు వచ్చిన పిల్ల వెంట నవ్వుకుంటూ ఊళ్ళోకి పోతాడు. ఎంత హాయి! కిప్లింగ్ రెండో పుస్తకంలో జరిగింది వేరు. మౌగ్లీని చేరదీసిన పాపానికి మెస్సువానూ ఆమె మొగుణ్ణీ ఊరివాళ్ళు మంత్రగాళ్ళని కట్టిపడేస్తారు. మౌగ్లీ ఏనుగులను తెచ్చి ఆ ఊరినే నేలమట్టం చేయిస్తాడు. ఇంకో కథలో రేచుకుక్కలు పెద్ద దండుగా తోడేళ్ళ మీదికి వస్తాయి. ఎక్కడి నుంచి? దక్కను నుంచి. మన వైపు నుంచే, మహాశయులారా! ఆ పోరులో ముసలి అకేలా చచ్చిపోతాడు. చివరికి పదిహేడేళ్ళ మౌగ్లీ అడవిలో నిలవలేక, ఊరంటే మనసొప్పక, ఏడుస్తూ మనుషుల్లోకి నడుస్తాడు. ఆ ఏడుపును తీసేసి పాట పెట్టినవాళ్ళు పిల్లలకు మేలు చేశారని మేము ఒప్పుకోము.

ఆ పైన ఒక ముచ్చట. 'జంగిల్ బుక్' కంటే ముందే, 1893లో, కిప్లింగ్ పెద్దయిన మౌగ్లీ గురించి ఒక కథ రాశాడు. అందులో తోడేళ్ళ బిడ్డ అడవి శాఖలో గార్డు ఉద్యోగంలో చేరతాడు, జీతానికీ పింఛనుకీ. తెల్లదొరకు తన సామ్రాజ్యం మీద వున్న నమ్మకం అటువంటిది. తోడేలు పాలు తాగినవాడైనా చివరికి తమ కచేరీలో సంతకం పెట్టాల్సిందే. నవ్వుకుందాం గానీ, నివాస వీసా కాగితం ఉద్యోగానికి ముడిపడి వున్న మనకు ఆ కథ మరీ దూరంది కాదు.

మొదటి భాగాలు మనకెందుకు ఇష్టమో మాకు తెలుసు. ఇల్లు విడిచిన పిల్ల, కొత్త చోటు, కొత్త భాష నేర్చుకుని బతికి బట్టకట్టడం. అది మన కథ. అబూధాబీలోనో దుబాయిలోనో దిగి, నలుగురితో గది పంచుకుని, నిలదొక్కుకున్న కథ. అది పిల్లలకు వెయ్యిసార్లు చెప్పాం. కానీ మన పిల్లల కథ అది కాదు. వాళ్ళు ఇక్కడే పుట్టారు. ఇంటరు అయ్యాక చాలామంది తిరిగి వెళ్ళాలి, విజయవాడకో హైదరాబాదుకో వరంగల్లుకో. సెలవుల్లో చూసిన తాతగారి ఊరు వేరు, అక్కడే వుండిపోవలసిన ఊరు వేరు. చెరువు పూడ్చి ప్లాట్లు వేసి వుంటారు. వేసినవారిలో తమ బాబాయే వుండవచ్చు. ఆ బాబాయి చెడ్డవాడు కాకపోవచ్చు; ఆ డబ్బుతోనే వీళ్ళ అత్త పెళ్ళి జరిగివుండవచ్చు. అప్పుడు ఆ పిల్ల ఏం చెయ్యాలి? గుమ్మం దాటి లోపలికి వెళ్ళిన తరవాతి సంగతి రాసిన పుస్తకం వాళ్ళకు కావాలి. మనం జాబితాలోంచి కొట్టివేసింది దాన్నే.

అసలు కోపం మాకు ఇంగ్లీషు పుస్తకం గురించి ఇంత రాయవలసి వచ్చినందుకు. రోళ్ళపాడు గడ్డిలో తోడేలు పిల్లలను చూసిన కురుబ పిల్ల కథ తెలుగులో ఏదీ? పొగ పెట్టి బొరియ మూసే తండ్రి, మూయనివ్వని కూతురు, పోయిన గొర్రె లెక్క అడిగే తాత. ఇంతకంటే నవలకు ఏం కావాలి? మన సంఘాలు సినిమా వారిని విమానం టిక్కెట్టు పెట్టి పిలిపిస్తాయి. పిల్లల నవల రాసే మనిషిని పిలవాలన్న ఆలోచన కార్యవర్గానికి వచ్చిన దాఖలా లేదు. వచ్చే ఉగాదికి ఒక్క పాటగాణ్ణి తగ్గించి, ఆ టిక్కెట్టుతో రాయలసీమ నుంచి గొర్రెల కాపరుల బతుకు తెలిసిన కథకుణ్ణో కథకురాలినో పిలవండి. పిల్లల ముందు కూచోబెట్టండి. ఏం జరుగుతుందో చూద్దాం.

ఈలోగా ఒక పని చేశాం. 'జూలీ' ప్రతులు రెండు సొంత డబ్బుతో తెప్పించాం. 1997లో వచ్చిన మూడో భాగం 'జూలీస్ వుల్ఫ్ ప్యాక్' కూడా ఒకటి దొరికింది. అది తోడేళ్ళ వైపు నుంచే చెప్పిన కథ. కొట్టివేసినవారికి మొదటి ప్రతి ఇస్తాం; వారం గడువు. చదివి, అప్పుడూ వద్దంటే కారణాలు కాగితం మీద రాసి ఇవ్వాలి, టీ కప్పు పట్టుకుని చెపితే చెల్లదు. రెండో ప్రతి ఇప్పటికే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పట్టుకుపోయింది. వాళ్ళ నాన్నగారు కార్యవర్గ సభ్యులే.